మూడేళ్ళ పిల్లకు ఎక్సెల్ షీటు

ఈ సీజన్ షీటు మీకూ వచ్చే ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి, వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి, 'ఎవరికైనా ఉపయోగపడుతుందని' అన్న వినయంతో సహా చేరి ఉంటుంది. ఓర్లాండో డిస్నీ వరల్డ్, ఏడు రోజులు, నాలుగు పార్కులు, పార్కుకో రంగు. ఎడమవైపు పావుగంటకో గడి. ఒక గడిలో 'బాత్‌రూమ్, స్నాక్', ఇంకో గడిలో 'ప్రిన్సెస్‌తో ఫొటో', ఒంటిగంటంబావు దగ్గర లేత నీలం రంగులో 'నిద్ర: 45 నిమిషాలు, స్ట్రోలర్‌లోనే'. అడుగున ప్లాన్ బి. దాని అడుగున, వాన కురిస్తే ప్లాన్ సి. ప్రాజెక్టు మేనేజ్‌మెంటులో మనవాళ్ళకు ఉన్న పేరు ఊరికే రాలేదని ఒప్పుకోవాల్సిందే. చిక్కల్లా ఒక్కటే. ఈ ప్రాజెక్టు ఎవరి పేరు మీద నడుస్తోందో ఆవిడ వయసు మూడేళ్ళు. ఆవిడ ఇంకా 'నిన్న వెళ్దాం' అంటుంది.

గడువులు చూస్తే పన్నుల శాఖే నయమనిపిస్తుంది. సిండ్రెల్లా కోటలో భోజనం కావాలంటే 60 రోజుల ముందు తెల్లవారకముందే లేవాలి. లైట్నింగ్ లేన్ అనే దొడ్డిదారి కోసం, డిస్నీ హోటల్లో దిగేవాళ్ళు ఏడు రోజుల ముందు, బయట దిగేవాళ్ళు మూడు రోజుల ముందు, ఉదయం సరిగ్గా 7 గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆ 7 తూర్పు తీరపు 7. కాలిఫోర్నియా తెలుగువాడికి తెల్లవారుజామున 4. పెళ్ళి ముహూర్తానికైనా పురోహితుడు అయిదు నిమిషాలు అటూ ఇటూ సర్దుతాడు, ఈ ముహూర్తానికి సర్దుబాటు లేదు. పోనీ పార్కులో అడుగుపెట్టాక ఫోను జేబులో వేసుకోవచ్చా అంటే, ముందే పట్టిన మూడింటిలో ఒకటి వాడుకున్నాక ఇంకొకటి పట్టాలి, అది వాడుకున్నాక మరొకటి. భోజనం ఆర్డరూ ఫోనులోనే, ఏ క్యూ ఎంత పొడుగుందో తెలిసేదీ ఫోనులోనే. అందుకే షీటులో 'పవర్ బ్యాంక్ – 2' అని పాప పాలసీసా కంటే పైవరుసలో రాసి ఉంటుంది. కుటుంబమంతటికీ ఒకే రంగు టీషర్టులు, చెవుల హెడ్‌బ్యాండ్లు, మూడేళ్ళ పిల్లకు జుట్టు చుట్టి మెరుపులద్ది రాజకుమారిని చేసే బ్యూటీపార్లరు వగైరాలు వేరే ట్యాబ్‌లో ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళను.

'ఇవేవీ చెయ్యకుండా వెళ్తే మునిగిపోతాం' అంటారు షీటు పక్షంవాళ్ళు. నూటికి నూరుపాళ్ళు నిజం. నా గొడవ కూడా సరిగ్గా ఆ నిజంతోనే. డబ్బు పుచ్చుకునే వినోదశాలకు రెండు నెలలు చదువుకోకుండా వెళ్ళినవాడు నష్టపోతున్నాడంటే, తప్పు చదువుకోనివాడిదా, వినోదశాలదా? ఇదేమీ మొదటినుంచీ ఉన్న ఆచారం కాదు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెద్దల ప్రవేశం ఒక డాలరు, లోపల సవారీలకు విడివిడిగా చీటీలు. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడా పార్కు తెరిచినప్పుడు ప్రవేశం మూడున్నర డాలర్లు, చీటీల పద్ధతి అలాగే సాగింది. 1982లో చీటీలు ఎత్తేశారు. ఒకే టికెట్టు, ఒకే వరుస. ఉన్నవాడూ లేనివాడూ దాంట్లోనే. 1999లో వరుస దాటించే ఫాస్ట్‌పాస్ అనే కాగితం ముక్క వచ్చింది, ఉచితంగా. దాన్ని ఫోనుల్లోకి ఎక్కించి, హోటల్లో దిగేవాళ్ళు 60 రోజుల ముందే పట్టుకోవచ్చన్నప్పుడు ప్లానింగ్ రోగానికి అంటు తగిలింది. 2020లో కరోనా పేరుతో ఆపేశారు. 2021 అక్టోబరులో తిరిగొచ్చేసరికి దాని పేరు జీనీ ప్లస్, ధర మనిషికి రోజుకు 15 డాలర్ల చొప్పున. 2024 జులైలో మళ్ళీ పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. ధర పార్కును బట్టి, తేదీని బట్టి. అదే ఏడాది అక్టోబరు చివర ప్రీమియర్ పాస్ దించారు: ఒక్క మనిషికి, ఒక్క పార్కులో, ఒక్క రోజుకు 129 నుంచి 449 డాలర్లు. గేటు టికెట్టు దీనికి అదనం. 2026 క్రిస్మస్ వారానికి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ గేటు టికెట్టు కూడా 200 డాలర్ల గీత దాటింది.

ఇక్కడ అమ్ముడుపోతున్నది ఏమిటో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే షీటు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. సవారీకి డబ్బు గేటు దగ్గరే కట్టారు. కొత్తగా కొంటున్నది పక్కవాడి కంటే ముందు ఎక్కే హక్కు. ఒక సవారీ గంటకు వెయ్యిమందిని తిప్పగలదనుకుందాం. డబ్బు దారిలోంచి ఏడువందలమందిని ఎక్కిస్తే మామూలు వరుసకు మూడువందల సీట్లు మిగులుతాయి. డబ్బు కట్టినందువల్ల బండి వేగం పెరగదు, ఒక్క సీటు పుట్టదు. ముందుకు జరిగిన ప్రతి మనిషికీ ఎక్కడో ఒక మనిషి వెనక్కి జరుగుతాడు. అలా వెనక్కి జరిగినవాడి చంకలోనూ ఒక మూడేళ్ళ పిల్ల ఉంటుంది. ఆ వరుస గంటన్నర అయితేనే ఈ వరుసకు గిరాకీ. అది పావుగంటకు తగ్గిందంటే పాస్ కొనేవాడుండడు. అంటే ఎదుటివాడి అవస్థే ఈ సరుకుకు ముడిపదార్థం. క్యూలు తగ్గించే ఉపాయం ఎవరైనా చెప్తే కంపెనీ లెక్కల విభాగానికి గుండె ఆగుతుంది. ఇంతకీ ఈ యుద్ధమంతా దేనికంటే, పీటర్ పాన్ సవారీకి. అది మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రీమియర్ పాస్ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. పండగ రోజు గరిష్ఠ ధరకు నలుగురికీ కొంటే 1,796 డాలర్లు, ఒక్క రోజుకు. ఇందులో పిల్లల ధర అంటూ విడిగా లేదు. మూడేళ్ళు నిండినవారంతా ఈ గల్లాపెట్టె ముందు సమానులే. సవారీల ముందు మాత్రం సమానులు కారు, అక్కడ కొలబద్ద ఉంటుంది. ట్రాన్ ఎక్కాలంటే 48 అంగుళాలుండాలి. స్పేస్ మౌంటెన్‌కు 44, టియానా పడవకు 40, ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకు 38. మూడేళ్ళ పిల్లలు సాధారణంగా 37, 38 అంగుళాల దగ్గర ఉంటారు. 48 రావడానికి ఏడేళ్ళు నిండాలి. అంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఏవి పెద్ద సవారీలని పేరుపడ్డాయో వాటిలో చాలావాటి దగ్గర పాప కొలబద్ద కింద నిలబడి వెనక్కి తిరగాలి. కాని పాసుకు కట్టిన డబ్బు ఆరడుగుల నాన్నదీ మూడడుగుల పాపదీ ఒకటే. దీనికి విరుగుడుగా 'రైడర్ స్విచ్' అనే ఏర్పాటుంది: నాన్న ఎక్కినంతసేపు అమ్మ పిల్లతో బయట కూర్చుంటుంది, ఆయన దిగాక ఆవిడ వెళ్తుంది. షీటులో దాన్ని 'ఫ్యామిలీ టైమ్' రంగులోనే దిద్దారు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. నవ్వు రాని సంగతి ఒకటుంది. క్యూలో నిలబడలేని వికలాంగులకు డిస్నీ ఎన్నో ఏళ్ళుగా డబ్బు తీసుకోకుండా ఒక సదుపాయం ఇచ్చేది. 2024 మే నెలలో దాన్ని కుదించి, ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల లోపాలున్నవారికే పరిమితం చేశారు. దుర్వినియోగం జరుగుతోందన్నారు, జరిగే ఉండొచ్చు. కాని ఆరు నెలలు తిరక్కుండానే, ఏ లోపమూ లేనివాడు 449 డాలర్లు కడితే ఏ క్యూలోనూ నిలబడక్కర్లేదని బోర్డు పెట్టారు. రోగం ఉందని చెబితే నమ్మరు, డబ్బుందని చూపిస్తే నమ్ముతారు. ఇది వ్యాపారమే, నేరం కాదు. కాని పిల్లలకు కలలు పంచుతున్నామని ఊరేగే కంపెనీ, పిల్లకు ఊహ తెలిసే వయసులో మొట్టమొదట నేర్పే పాఠం ఇదా? గంట నుంచి నిలబడ్డ పిల్లల పక్కనుంచి నడిపించుకెళ్తూ 'మనం ముందు వెళ్ళొచ్చు నాన్నా, మనం కొనుక్కున్నాం' అని చెప్పే తల్లిదండ్రులను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇంట్లో చాక్లెట్టు పంచుకొమ్మని చెప్పేదీ వీళ్ళే.

పోనీ, ఇంత డబ్బూ ఇంత తెలివీ ధారపోసింది ఆ పిల్లకైనా అందుతోందా? మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం చెబుతుంది. షీటు ప్రకారం గేటు దగ్గర ముందు వరుసలో ఉండాలంటే ఆరింటికి లేవాలి. రాత్రి బాణసంచా చూసి, బస్సు వరుస దాటి, గది చేరేసరికి పదకొండు. మిగిలిన లెక్క మీరే వెయ్యండి. స్ట్రోలర్‌లో ఎంతో కష్టపడి నిద్రపుచ్చిన పిల్లను హోటల్ బస్సు దగ్గర లేపాలి, ఎందుకంటే బస్సులో స్ట్రోలర్ మడిచి పెట్టాలన్నది నిబంధన. వేసవిలో ఫ్లోరిడా మధ్యాహ్నమంటే 33 డిగ్రీల ఎండ, ఆ పైన ఉరుములతో వాన. మూడోరోజు సాయంత్రం పిల్ల నేలమీద పడి దొర్లుతుంటే 'ఎంత ఖర్చు పెట్టి తీసుకొచ్చామో తెలుసా' అని గద్దిస్తారు. తెలీదు. ఎలా తెలుస్తుంది? అదొక్కతే ఆ గుంపులో ఆరోగ్యంగా ప్రవర్తిస్తున్న మనిషి.

పిల్లకు ఏం కావాలో కంపెనీకి తెలియదనుకోకండి, మనకంటే బాగా తెలుసు. 2012లో డంబో ఏనుగుల సవారీని రెట్టింపు చేసినప్పుడు, వేచి ఉండే చోట గుడారం వేసి, జారుడుబల్లలతో ఆటస్థలం కట్టారు. ఒకటిన్నర నిమిషాల ఏనుగు సవారీ వంతు వచ్చినా పిల్లలు గుడారం వదలరు, తల్లిదండ్రులు రెక్కపట్టి లాక్కెళ్తారు. దాని పక్కనే బొమ్మరైలు ఆకారంలో నీళ్ళు చిమ్మే జాగా ఒకటుంది, అక్కడా అదే గొడవ. జారుడుబల్ల, నీళ్ళు. దీనికి పాస్ లేదు, ముహూర్తం లేదు, కాబట్టి షీటులో గడీ లేదు. బయటి తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు, గాజుసీసాలూ మద్యమూ తప్ప. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఆ రోజు పాప ఇష్టంగా తిన్న ఏకైక పదార్థం కావచ్చు. దానికీ గడి లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పకుండా వస్తుంది: 'తిరుమలలో 300 రూపాయల దర్శనం నిమిషం చూసి బుక్ చెయ్యమా? శ్రీవాణికి పదివేలు ఇచ్చినవాళ్ళు ముందు వెళ్ళరా? అప్పుడు లేవని నోరు ఇప్పుడెందుకు?' అప్పుడూ లేచింది, లేస్తూనే ఉంటుంది. బ్రేక్ దర్శనాల మీద మన పత్రికలు తిట్టినంతగా డిస్నీని ఎవరూ తిట్టలేదు. కాని పోలిక తెచ్చినవాళ్ళే దాన్ని చివరిదాకా లాగాలి. అక్కడ సర్వదర్శనానికి టికెట్టు లేదు. కంపార్టుమెంటులో కూర్చున్నవాళ్ళకు పాలూ అన్నప్రసాదమూ వస్తాయి. ఏడాదిలోపు బిడ్డను ఎత్తుకున్న తల్లిదండ్రులను మామూలు రోజుల్లో సుపథం గుండా, రూపాయి తీసుకోకుండా పంపిస్తారు. చంకలో బిడ్డ ఉండటమే అక్కడ అర్హత. ఓర్లాండోలో బిడ్డ ఉండటం అమ్మకానికి అవకాశం. మూడేళ్ళలోపు ఉచితమన్న ఒక్క దయ ఉంది. దాన్నీ మనవాళ్ళు వదల్లేదు, మూడో పుట్టినరోజుకు వారం ముందు టిక్కెట్లు తీసే కొత్త సంప్రదాయం మొదలైంది.

రెండో ఆక్షేపణ కాస్త బలమైనది. 'జీవితాంతం గుర్తుండే అనుభవం' అంటారు. ఎవరి జీవితాంతం? అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా బావర్ బృందం దీన్ని పరీక్షించింది. పిల్లలు మూడేళ్ళ వయసులో తల్లులతో ముచ్చటించిన సంఘటనలను (జూకు వెళ్ళడం, పుట్టినరోజు పార్టీ వంటివి) రాసిపెట్టుకుని, కొన్నేళ్ళ తర్వాత వాటి గురించే అడిగింది. అయిదు నుంచి ఏడేళ్ళ వయసులో పిల్లలు 60 శాతానికి పైగా గుర్తుపట్టారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళకు అది 35 శాతం దగ్గరకు పడిపోయింది. జ్ఞాపకం మిగలకపోతే అనుభవం వృథా అని నేననను. ఆ పూట నవ్విన నవ్వు ఆ పూటకు నిజమే. కాని అలా వాదించేవారు ఒకటి ఒప్పుకోవాలి. ఆ పూట నవ్వే ముఖ్యమైతే, ఆ నవ్వు జారుడుబల్ల మీద వచ్చినా అంతే నిజం, అంతే విలువ. జ్ఞాపకం కోసమని 60 రోజుల ముందు లేచి, జ్ఞాపకం ఉండదనగానే ఆనందం కోసమని మాట మారిస్తే కుదరదు. మిగిలేవి ఫొటోలు. అవి ఎవరి ఫోనులో ఉంటాయో, ఎవరి స్టేటస్‌లో ఎక్కుతాయో అందరికీ తెలుసు.

మూడోది డబ్బుకు సంబంధించింది: 'మా కష్టార్జితం, మా ఇష్టం.' అలాగే కానివ్వండి. అయితే 2024లో లెండింగ్‌ట్రీ సంస్థ చేసిన సర్వేలో, డిస్నీకి వెళ్ళొచ్చిన, 18 ఏళ్ళలోపు పిల్లలున్న తల్లిదండ్రుల్లో 45 శాతం మంది అందుకోసం అప్పు చేశామన్నారు. దాదాపు సగం మందిది ఇంకా ఆర్జించని ఆర్జితం. పిండికొద్దీ రొట్టె అన్న లెక్క తెలిసిన ఇళ్ళలో కూడా, పక్కింటివాళ్ళ పాప వెళ్ళొచ్చింది కాబట్టి మన పాప వెనకబడిపోతుందన్న దిగులు పుట్టించారు. అబూదాబీలో కొత్త డిస్నీ పార్కు కడతామని 2025 మే నెలలో ప్రకటించారు. హైదరాబాదు నుంచి నాలుగు గంటల ప్రయాణం. అది తెరిచేనాటికి ఈ దిగులు కూకట్‌పల్లికీ గాజువాకకూ నేరుగా దిగుమతి అవుతుంది, షీటు తెలుగు అనువాదంతో సహా.

'ప్లాన్ వేసుకోవడంలో కూడా ఆనందం ఉంది' అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఉంటుంది. రైల్వే టైమ్‌టేబుల్ చదివి ఆనందించేవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ ఆనందం పెద్దవాళ్ళది, ఆ వారం పెద్దవాళ్ళ సెలవు అని బాహాటంగా చెప్పుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పాపను అమ్మమ్మ దగ్గర వదిలి ఇద్దరూ వెళ్ళి ట్రాన్ ఎక్కి అరుచుకుంటూ తిరగండి. పిల్ల పేరు మీద పెద్దల సరదా తీర్చుకుని, ఆ పిల్ల ఏడిస్తే కృతజ్ఞత లేదనడం మాత్రం అన్యాయం. వాల్ట్ డిస్నీయే చెప్పిన కథ ఉంది: లాస్ ఏంజెలిస్‌లోని ఒక పార్కులో తన ఇద్దరు కూతుళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే, ఆయన బెంచీ మీద వేరుశనగలు తింటూ కూర్చుని, పెద్దలకూ పిల్లలకూ కలిసి ఆడుకునే చోటు ఒకటుంటే బాగుండుననుకున్నాడట. ఆ బెంచీ మీద ఆయనకు పని లేకపోవడమే ఆ రోజు సమస్య. డెబ్బై ఏళ్ళలో ఆయన కంపెనీ ఆ సమస్యను ఎంత గట్టిగా తీర్చిందంటే, ఇప్పుడు తండ్రికి బెంచీ మీద కూర్చునే తీరిక లేదు.

ఈ పాటికే టికెట్లు కొనేసినవాళ్ళు ఉంటారు, వాళ్ళతో వాదించి లాభం లేదు. వాళ్ళకో చిన్న విన్నపం. ఏడు రోజులు పార్కుల్లో గడపాలని శాసనమేమీ లేదు. రెండు రోజులు చాలు, మిగతా రోజులు హోటల్ ఈతకొలనులో పాపను నాననివ్వండి. సినిమా చూసి ఏడ్చేంత ఇష్టం పాపకు నిజంగా ఉంటే, 44 అంగుళాలు దాటాక ఇంకోసారి తీసుకెళ్ళండి, అప్పుడు తనే షీటు వేస్తుంది. ఇక సిండ్రెల్లా కోటలో, ఇతర చోట్లా పట్టిన భోజనం బుకింగులంటారా, డిస్నీ వరల్డ్ రెస్టారెంట్లలో చాలావాటిలో రెండు గంటల ముందు దాకా డబ్బు పోకుండా రద్దు చేసుకోవచ్చు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నచ్చిన నిబంధన ఇదొక్కటే. పాప ఆ గుడారంలో ఆడుకుంటుంటే వాడుకోండి.